ఉబ్బసానికి మారుపేర్లు



నేను కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో బడిపంతులుని. బడిలో చెప్పేది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా వైపు చాలామంది తీరు ఇదే. ఒకరోజు ఏడో తరగతిలో ఊపిరితిత్తుల పాఠం చెబుతూ, "మీ ఇళ్లలో ఎవరికైనా ఉబ్బసం ఉందా?" అని అడిగాను. నలభై మంది పిల్లల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. "పోనీ, ఈసినోఫీలియా?" అన్నాను. నాలుగు చేతులు లేచాయి. "నిమ్ము?" మరో మూడు. "అలర్జీ దగ్గు? చలికాలం ఆయాసం? వీజింగు?" అంటూ అడుగుతూ పోతే చివరికి పన్నెండు చేతులు పైన ఉన్నాయి. ఉబ్బసం మాత్రం ఎవరింట్లోనూ లేదు!

ఆ పన్నెండు ఇళ్లలోనూ ఉన్నది ఉబ్బసమేనని నేను అనడం లేదు. ఆ మాట చెప్పవలసింది వైద్యుడు. కాని ఒక జబ్బు ఇన్ని పేర్ల చాటున ఎందుకు దాక్కుందో, దాన్ని ఫలానా అని గుర్తుపట్టడానికి వైద్యులకు ఇన్ని శతాబ్దాలు ఎందుకు పట్టిందో ఈనాటి ప్రసంగంలో మీతో చెప్పుకోవాలని ఉంది. ఆ చరిత్రలో మన సరిహద్దు సీమకూ కొంత చోటుంది. ఆ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.

ముందు పేర్ల సంగతి. తెలుగులో ఉబ్బసం, కన్నడంలో ఉబ్బస. రెండు భాషలకూ ఒకటే మాట. తమిళ సోదరులు ఇళైప్పు అంటారు. మరాఠీవారికి అది దమా. మన పల్లెల్లో దమ్ము అన్నా అదే. పసిబిడ్డలకు వస్తే పాల ఉబ్బసం అన్నారు. ఆస్తమా అన్నది గ్రీకు మాట. దాని అర్థం రొప్పడం, అంతే. అంటే పూర్వులు పేరు పెట్టింది పైకి కనబడే ఆయాసానికి. లోపల ఏం జరుగుతోందో వారికి తెలిసే దారి లేదు.

దారి లేకపోయినా కళ్లు మాత్రం పదునైనవి. చరకసంహిత చికిత్సాస్థానంలో పదిహేడో అధ్యాయం ఎక్కిళ్లకూ శ్వాసరోగాలకూ సంబంధించినది. అందులో శ్వాసరోగాన్ని అయిదు రకాలుగా విడదీశారు. మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. వీటిలో తమకశ్వాస వర్ణన చదివితే మన పక్కింటి రోగిని చూసి రాసినట్టే ఉంటుంది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే కొంత ఊరట. వేడిగా ఏదైనా పుచ్చుకుంటే బాగుండుననిపిస్తుంది. మబ్బు పట్టినా, వాన పడినా, తూర్పుగాలి వీచినా జబ్బు పెరుగుతుంది. ఇక దాని భవిష్యత్తు గురించి అక్కడ వాడిన మాట 'యాప్యం'. కొత్తగా వచ్చినదైతే నయం కావచ్చు, పాతుకుపోయినదైతే యాప్యం. అంటే మొత్తంగా పోదు, వైద్యం సాగుతున్నంతకాలం అణిగి ఉంటుంది. ఈ మాటను మీరు గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

గ్రీకు వైద్యులలో అరటేయస్ అనే ఆయన కూడా ఇలాగే కళ్లకు కట్టినట్టు రాశాడు. రోగికి ఇంట్లోని గాలి చాలదట, నోరు తెరుచుకుని ఆరుబయట నిలబడతాడట. అయితే ఆ కాలంలోనూ, ఆ తరువాత చాలాకాలం వరకూ చిక్కు ఒకటి ఉండిపోయింది. గుండె బలహీనపడి ఆయాసం వచ్చినా ఆస్తమానే, ఊపిరితిత్తులు చెడి వచ్చినా ఆస్తమానే. ఆయాసాలన్నిటినీ ఒకే గాట కట్టేశారు.

ఆ గాట విప్పిన వారిలో ఇద్దరు తామే ఉబ్బసరోగులు కావడం గమనించదగ్గ విషయం. ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ 1698లో ఆస్తమా మీద ఒక పుస్తకం రాశాడు. తనకు వచ్చిన దాడులనే పరిశీలించుకుని రాశాడు. 1860లో హెన్రీ హైడ్ సాల్టర్ మరో గ్రంథం వెలువరించాడు. ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే గొట్టాల చుట్టూ సన్నని కండరాలుంటాయనీ, అవి బిగుసుకుపోయి దారి ఇరుకవుతుందనీ ఆయన బొమ్మలు గీసి మరీ చూపించాడు. పిల్లి దగ్గరికి వస్తే, ఎండుగడ్డి ధూళి తగిలితే దాడి వచ్చేవారి గురించి రాశాడు. చక్కెర, పాలు లేని చిక్కటి కాఫీ తాగితే ఉపశమనం ఉంటుందని కూడా చెప్పాడు. నవ్వకండి. కాఫీలోని కెఫీన్‌కూ, మన మందుల అంగళ్లలో దశాబ్దాలుగా అమ్ముడుపోతున్న డెరిఫిలిన్ బిళ్లలోని థియోఫిలిన్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది. అలాగని కాఫీతో ఉబ్బసానికి వైద్యం చేసుకోమని కాదు.

ఈ మధ్యలో మద్రాసు కథ ఒకటుంది. మన దేశంలో ఉమ్మెత్తను ఎండబెట్టి ఆ పొగ పీల్చడం పాత అలవాటు. 1802లో మద్రాసులో ఉన్న జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఈ పద్ధతిని బ్రిటన్‌కు చేరవేశాడు. అక్కడి నుంచి అది ఐరోపా అంతా పాకింది. ఉమ్మెత్త ఆకు చుట్టిన ఆస్తమా సిగరెట్లు పెట్టెల్లో పెట్టి అమ్మారు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం అవి దొరికేవి. ఉమ్మెత్తలో ఉన్న పదార్థం బిగుసుకున్న గొట్టాలను కొంత సడలించే మాట నిజమే. కాని ఆ మొక్క విషం. మోతాదు కాస్త మించితే మతిభ్రమ కలుగుతుంది, ప్రాణాలూ పోతాయి. పైగా పొగ అన్నది ఊపిరితిత్తులకు ఎప్పుడూ చెరుపే. మా ఊళ్లో ఇప్పటికీ ఈ చిట్కా చెప్పే పెద్దలున్నారు గనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. దాని జోలికి పోవద్దు. అందులోని గుణాన్నే పోలిన మందులు, హాని తగ్గించి, ఈనాడు ఆసుపత్రుల్లో పీల్చే రూపంలో దొరుకుతున్నాయి.

ఇక మన సీమ కథ. దీన్ని మా తాతతో మొదలుపెట్టనివ్వండి.

1960ల మొదట్లో మాట. మా తాత చింతపండు బండ్లు తోలుకుని గుడియాత్తం, వేలూరు సంతలకు పోయేవాడు. ఒక ఏడాది ఆయనకు దగ్గు పట్టుకుంది. పగలు అంతగా ఉండేది కాదు. నడిరాత్రి దాటాక మొదలై, పిల్లికూతలతో, డొక్కలెగరేస్తూ తెల్లవారేదాకా కూర్చోబెట్టేది. ఒళ్లు తగ్గిపోయింది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. ఊరు ఊరంతా ఒకే మాట అంది: క్షయ. అంతే, ఆయన కంచం వేరు, చెంబు వేరు, పడక పశువుల కొట్టంలో. మా మేనత్తకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ ఆరునెలలూ ఇంటి గడప ఎవరూ తొక్కలేదని మా అవ్వ బతికున్నన్నాళ్లూ చెప్పేది. చివరికి పట్నంలో ఒక డాక్టరు ఛాతీ ఫోటో తీయించాడు. అందులో మచ్చలున్నాయి. కాని కళ్లెలో క్షయ క్రిములు లేవు. ఆయన వేలి కొసన సూదితో పొడిచి రక్తం తీసి పరీక్ష చేయించాడు. "ఇది క్షయ కాదు, ఉబ్బసమూ కాదు" అని మూడు వారాలకు బిళ్లలిచ్చాడు. నెల తిరిగేసరికి తాత బండి కట్టాడు. తప్పిపోయిన సంబంధం మాత్రం తిరిగి రాలేదు.

ఆ డాక్టరుకు అంత తెలివిడి ఎక్కడి నుంచి వచ్చిందని పెద్దయ్యాక నాకు కుతూహలం కలిగింది. చదివితే తెలిసింది ఏమిటంటే, దానికి మూలం మా ఊరికి కొద్ది గంటల దారిలోనే ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1910ల దశకంలో క్షయరోగుల కోసం క్రైస్తవ మిషన్లు కలిసి ఒక శానిటోరియం నెలకొల్పాయి. పొడిగాలి ఉన్న చోటని అక్కడ కట్టారు. దాన్ని నిలబెట్టినవాడు ఫ్రిమోట్ మొల్లర్ అనే డేనిష్ వైద్యుడు. మదనపల్లె అనగానే 1919లో రవీంద్రుడు అక్కడి కళాశాలలో బస చేసి జనగణమనకు ఆంగ్లానువాదం చేసిన సంగతి మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఈ రెండో సంగతి కూడా చెప్పుకోదగ్గదే. క్షయ అని పంపబడిన రోగులలో కొందరికి క్షయ లేదని మొల్లర్, ఆయన సహచరుడు బార్టన్ గమనించారు. ఎక్స్‌రేలో మచ్చలున్నాయి, క్రిములు లేవు. రక్తంలో ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు మాత్రం విపరీతంగా పెరిగి ఉన్నాయి. ఈ సంగతిని వారు 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. క్షయను పోలిన మరో జబ్బు ఇది అన్నారు.

1943లో, మన దేశంలోనే పనిచేస్తున్న వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు. ఆయన ఆర్సెనిక్ ఇంజెక్షన్లు ఇచ్చి నయం చేశాడు. అంటే పాషాణమే. గుణం ఉన్నా ప్రమాదం లేని మందు కాదు. అసలు మందు మరో తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకు తెలిసిందే. అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన, ఆయన సహచరులు బోదకాలు క్రిమి మీద పనిచేసే డైఇథైల్ కార్బమజీన్‌ను 1947లో లోకానికి వెల్లడించారు. హెట్రజాన్ అని అమ్మిన మందు అదే. 1948లో సుబ్బారావు గారు కన్నుమూశారు. 1950లలో ఆ మందే ఈ రాత్రి దగ్గుకు అద్భుతంగా పనిచేస్తుందని తేలింది. ఆయన అది చూడలేదు.

బోదకాలు మందు దగ్గుకు ఎందుకు పనిచేసింది? దానికి సమాధానం వేలూరు నుంచి వచ్చింది. 1960లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు వైద్యులు ఈ రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫు గ్రంథుల్లో బోదకాలు క్రిమి పిల్లలను చూపించారు. దోమకాటుతో వచ్చిన క్రిమి మీద ఒళ్లు మితిమీరి తిరగబడటమే ఆ దగ్గు, ఆ పిల్లికూత. మదనపల్లెలో మొదలైన ప్రశ్నకు వేలూరులో జవాబు దొరికింది. ఆ రెండింటి మధ్య దారిలోనే మా తాత బండి తిరిగింది.

అయితే ఆ తరువాత ఒక వింత జరిగింది. ఆ ఈసినోఫీలియా అన్న పేరు జనం నోట పడి కట్టు తెంచుకుంది. ఆ కణాలు క్రిములున్నా పెరుగుతాయి, అలర్జీ ఉన్నా పెరుగుతాయి, ఉబ్బసంలోనూ పెరుగుతాయి. అందుచేత రక్తపరీక్షలో ఆ సంఖ్య కాస్త ఎక్కువగా కనబడ్డ ప్రతి ఉబ్బసరోగికీ ఆ పేరే తగిలించడం అలవాటైంది. ఇంటివారికీ ఆ పేరు చెవికింపుగా ఉంది. ఉబ్బసం అంటే జీవితాంతం అని భయం, పెళ్లి సంబంధాలకు అడ్డు. ఈసినోఫీలియా అంటే ఏదో రక్తంలో కొంచెం ఎక్కువైంది, తగ్గుతుంది. ఒకనాడు క్షయ అన్న తప్పుపేరు మా తాతను కొట్టంలో పడుకోబెట్టింది. ఇప్పుడు మరో తప్పుపేరు మన పిల్లలకు అందవలసిన మందును అందకుండా చేస్తోంది. హెట్రజాన్‌తో ఉబ్బసం తగ్గదు గదా!

మరి ఉబ్బసాన్ని నికరంగా గుర్తుపట్టడం ఎలా? పారిస్‌లో లాయెనెక్ 1816లో స్టెతస్కోప్ కనిపెట్టాక పిల్లికూత వినడం తేలికైంది. కాని కూసేదంతా ఉబ్బసం కాదు, కొందరికి కూత లేకుండా దగ్గు మాత్రమే ఉంటుంది. 1846లో జాన్ హచిన్సన్ ఊపిరి ఎంత పడుతుందో కొలిచే స్పైరోమీటర్‌ను వర్ణించి, రెండువేలమందికి పైగా ఊదించి లెక్కలు కట్టాడు. ఉబ్బసానికి అసలు గుర్తు ఏమిటంటే గొట్టం ఇరుకవడం, మళ్లీ తెరుచుకోవడం. ఈ రాకపోకలే దాని లక్షణం. అందుకే నేటి పరీక్షలో ఒకసారి బలంగా ఊదిస్తారు, గొట్టాలను సడలించే మందు పీల్పిస్తారు, పది పదిహేను నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి పెద్దవారిలో కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసమన్న అనుమానానికి బలం వస్తుంది. అయితే జబ్బు అణిగి ఉన్న రోజున పరీక్ష మామూలుగానే రావచ్చు. అంతమాత్రాన లేదని కాదు. బాగా చిన్నపిల్లలు సరిగా ఊదలేరు, వారి విషయంలో వైద్యుడు లక్షణాలను బట్టి నిర్ణయిస్తాడు.

1959లో మార్టిన్ రైట్ ఊపిరి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్‌ను పరిచయం చేశాడు. తరువాత దాని చిన్న రూపం చేతిలో ఇమిడేంత వచ్చింది. కరెంటు అక్కర్లేదు. రెండు వారాలపాటు ఉదయం, సాయంత్రం ఊది, అంకెలు కాగితం మీద వేసుకుంటే ఉబ్బసం ఉన్నవారి గీత కొండలూ లోయలూలాగా ఎక్కి దిగుతుంది. లెక్కల పంతులుగా నాకు ఇది ముచ్చటైన పరికరం. మా బడికి ఒకటి కొనిపెట్టాను.

వైద్యం సంగతికి వస్తే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అడ్రినలిన్ ఇంజెక్షన్, 1920లలో చైనా మూలిక నుంచి తీసిన ఎఫిడ్రిన్ వచ్చాయి. 1955లో అమెరికాలో ఒక మందుల సంస్థ అధికారి కూతురు, పదమూడేళ్ల పిల్ల, ఉబ్బసరోగి, "నా మందు జుట్టుకు కొట్టే స్ప్రే డబ్బాలో ఎందుకు రాదు?" అని తండ్రిని అడిగిందట. మరుసటేడు, 1956లో, నేటి ఇన్‌హేలర్ బజారులోకి వచ్చింది. మందు నేరుగా గొట్టాల్లోకే పోతుంది గనుక చిటికెడు చాలు.

కాని 1960లలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో ఉబ్బసం మరణాలు ఉన్నట్టుండి పెరిగాయి. అప్పటి ఐసోప్రినలిన్ ఇన్‌హేలర్లలో మోతాదు ఘాటుగా ఉండటం ఒక కారణమన్నారు. పంపు కొట్టగానే హాయి అనిపించి రోగులు ఆసుపత్రికి ఆలస్యంగా రావడం మరొకటన్నారు. దీని నుంచి నేర్చుకున్నది చాలా ఉంది. ఉబ్బసంలో కండరాలు బిగుసుకోవడం ఒక్కటే కాదు, గొట్టం లోపలి పొర వాచి కళ్లెతో నిండుతుంది. 1969లో వచ్చిన సాల్బుటమాల్ బిగువు సడలిస్తుంది, వాపు జోలికి పోదు. వాపు తగ్గించే స్టెరాయిడ్‌ను పీల్చే రూపంలో 1972లో తెచ్చారు. స్టెరాయిడ్ అంటే మనవాళ్లు హడలిపోతారు. బిళ్లల్లో అది మిల్లీగ్రాముల్లో ఉంటుంది, పీల్చే మందులో మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతుల లెక్కలో. పీల్చాక నోరు పుక్కిలిస్తే నోటి పూత వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.

అంతర్జాతీయ నిపుణుల సంఘం గినా 2019లో ఒక ముఖ్యమైన సలహా ఇచ్చింది. పన్నెండేళ్లు దాటినవారెవరూ సాల్బుటమాల్ వంటి ఉపశమన మందు ఒక్కదాని మీదే ఆధారపడకూడదు, వాపు తగ్గించే మందు కూడా అందులో ఉండాలి అని. మన దేశంలో ఇది మరీ అవసరం. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఉబ్బసరోగుల్లో సుమారు 13 శాతం మంది ఇక్కడుంటే, ఉబ్బసం మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడే. జబ్బు మనకు ప్రత్యేకంగా పగబట్టిందా? లేదు. పేరు దాచడం, మందు మధ్యలో ఆపడం ఇందులో పెద్ద భాగం. చరకుడి యాప్యం అన్న మాటను మనం మరిచిపోయాం. ఆయాసం లేని రోజున కూడా మందు సాగాలి.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో ఇచ్చే చేప ప్రసాదానికి మా తాలూకా నుంచి కూడా వెళ్తారు. దాని గుణం శాస్త్రీయ పరీక్షలలో రుజువు కాలేదు. నమ్మకం ఎవరిది వారిది, నేను వాదించను. వెళ్లేవారికి ఒకటే మనవి: ఇన్‌హేలర్ సంచిలోనే ఉండనివ్వండి, ప్రసాదం తీసుకున్నామని ఆపకండి.

ఇంత చెప్పిన నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం డ్రిల్లు పీరియడులో ఒక కుర్రవాడు రెండో చుట్టులో ఆగిపోయాడు. బద్ధకం అనుకున్నాను. "ఇంకో చుట్టు కొట్టు" అన్నాను. వాడు కొట్టాడు. సగంలో నేల మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, భుజాలెగరేస్తూ నా వైపు చూశాడు. మాట రాలేదు. వాడి స్నేహితుడు ఇంటికి పరుగెత్తి పంపు తెచ్చాడు. అది బియ్యం డబ్బాలో ఉందట, చుట్టాలకు కనబడకుండా. ఆ పది నిమిషాలు నాకు ఎంత పొడుగ్గా గడిచాయో చెప్పలేను. పరుగుతో, చలిగాలితో ఉబ్బసం రేగుతుందని బి.ఇడి.లో నాకెవరూ చెప్పలేదు. అయినా అడిగి ఉంటే తెలిసేది. మరునాడు వాళ్ల అమ్మ బడికి వచ్చి, "సారూ, వాడికి ఈసినోఫీలియా అంతే, ఎవరికీ చెప్పవద్దు" అంది. ఆమెకు మా మేనత్త సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ, రెండో పంపు ఒకటి కొని నా బల్ల సొరుగులో పెడతానంది. పెట్టింది.

శ్రోతలారా, మీ ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట, తెల్లవారుజామున దగ్గు, పిల్లికూత మళ్లీ మళ్లీ వస్తుంటే, పరుగెత్తినా, మిరపకాయలు దంచినా, కట్టెల పొగ, దోమల చుట్ట పొగ తగిలినా, వయ్యారిభామ పూసే కాలంలోనూ ఎక్కువవుతుంటే ఊదే పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగండి. చిన్నపిల్లలకు, ముసలివారికి ఇన్‌హేలర్‌ను స్పేసర్ అనే ప్లాస్టిక్ బుర్రతో ఇప్పిస్తే మందు గొంతులో మిగలకుండా లోపలికి చేరుతుంది. ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా ఇంటి వైద్యం చాలించాలి. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, వైద్యుడు రాసిచ్చిన ఉపశమన మందు పీల్పిస్తూ 108కి ఫోను చేయండి.